తెల్లరాయి మీద తళిగ

బాడుగ ఇంట్లో తెల్ల మార్బుల్ నేల ఉండటం అదృష్టమని ఎవరైనా అంటే, వాళ్ళను ఒకసారి లోకేశ్వరి దగ్గరికి పంపాలి. రాయి అంటే మొండిదనీ, దాని మీద రోకలి పెట్టి దంచినా ఏం కాదనీ అనుకుంటాం గదా మనం? అదంతా ఉత్తమాట. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికైనా అంత సుకుమారం ఉండదు. నీళ్ళు నిలిచినా దానికి పట్టింపే, నూనె చుక్క పడినా పట్టింపే. ఇక పులుపు మాట ఎత్తనే కూడదు. ఈ సంగతి లోకేశ్వరికి ముందే తెలుసు. తెలిసీ జరిగింది, అదే బాధ.

ఇల్లు తిరుపతిలో, అలిపిరి పోయే రోడ్డుకు లోపలగా ఒక సందులో ఉంది. ఓనరు యశోదమ్మ టీచరుగా చేసి రిటైరై చిత్తూరులో ఉంటోంది. ఇల్లు చూపించిన రోజు ఆమె గదుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కుళాయిలో నీళ్ళు వస్తాయో రావో కూడా చెప్పలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, హాలు మధ్యలోకి వచ్చి నిలబడి, నేల చూపించింది.

“ఇది మా ఆయన లారీ ఎక్కి రాజస్థాన్ దాకా పోయి, ఒక్కో బండను చేత్తో తడిమి ఏరి తెచ్చినాడు,” అంది. “నీళ్ళు, మెత్తటి గుడ్డ. అంతే. మరీ జిడ్డుగా ఉంటే బకెట్టు నీళ్ళకు ఒక్క చుక్క షాంపూ. ఫినాయిలు వద్దు, యాసిడ్ వద్దు, సబ్బుపొడి వద్దు. నిమ్మకాయ, చింతపండు, పెరుగు దీని మీద పడనే కూడదు. పొరపాటున పడితే రుద్దొద్దు, గుడ్డతో అద్దెయ్యి. తెలిసిందా?”

బళ్ళో పిల్ల ఎక్కాలు చెప్పినట్టు లోకేశ్వరి అంతా తిరిగి అప్పజెప్పింది. యశోదమ్మ తృప్తిగా తల ఊపి, ఇంకొక్క మాట అడిగింది.

“మీ అత్తకు తుంటి విరిగిందన్నావు. లేచి తిరుగుతాది గదా?”

“తిరుగుతాదమ్మా. పుత్తూరులో కట్టు కట్టించినాం. ఇప్పుడు కట్టు విప్పేసినారు. వాకర్ పట్టుకోని బాత్రూముకు తనే పోయొస్తాది.”

“అయితే సరే,” అని తాళంచెవి చేతిలో పెట్టింది.

ఆ తాళంచెవి కోసం లోకేశ్వరి ఎంత తిరిగిందో ఆమె కాళ్ళకే తెలుసు. అంతకుముందు వాళ్ళుండింది రెండో అంతస్తులో. ఆ మెట్ల మీదే అత్త నాగులమ్మ జారిపడింది. కట్టు కట్టించుకుని పుత్తూరు నుంచి వచ్చాక ఆమెను ఆ మెట్లు ఎక్కించడానికి లోకేశ్వరి మొగుడు గోపీ, పక్కింటాయన కలిసి కుర్చీతో సహా మోశారు. ఎక్కిన మనిషి మళ్ళీ దిగలేదు. పైన గదిలో గోడ చూస్తూ కూర్చుని, “ఈ జైలు నాకెందుకబ్బా” అని రోజూ ఒకటే పాట. కింది పోర్షన్ దొరికితే తప్ప ఆమె గడప దాటే దారి లేదు. తిరుపతిలో కింది పోర్షన్లన్నీ ఏమయ్యాయంటే, సగం కార్లు పెట్టుకోవడానికి పోయాయి, సగం యాత్రికుల రూములైపోయాయి. మిగిలిన ఒకటీ అరా చోట, ముసలామె తుంటి మాట వినగానే ఓనర్ల మొహాలు మారిపోయేవి. మొహం మారనిది ఒక్క యశోదమ్మకే.

అందుకే లోకేశ్వరి ఆ నేలను నెత్తిన పెట్టుకుంది. గాంధీ రోడ్డులో చీరల కొట్లో ఆమెకు పని. పొద్దున కొట్టుకు పోయేముందు మోకాళ్ళ మీద కూర్చుని, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి హాలంతా తుడిచేది. ఇసుక రేణువు గీత పెడుతుందని గుమ్మం బయటొక గోనెపట్టా, లోపలొక గోనెపట్టా వేసింది. గోపీ టాక్సీ నడుపుతాడు. యాత్రికులను కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పి అలిసి వచ్చిన మనిషిని గుమ్మంలోనే ఆపి, కాళ్ళు తుడిపించి లోపలికి వదిలేది. “నా ఇంట్లోకి నేను రావాలంటే చెకింగా? కొండ మీద కూడా ఇంత లేదు గదమే!” అని అతను ఎగతాళి చేసేవాడు. చేసుకోనీ. సాయంత్రం వెలుతురు కిటికీలోంచి పడి హాలంతా పాలు పోసినట్టు కనిపిస్తుంటే, ఆ నడుమ నాగులమ్మ వాకర్ పట్టుకుని టకటకమని వాకిలి దాకా పోయి, వీధిలో పోయేవాళ్ళను పలకరించి వస్తుంటే, లోకేశ్వరికి కడుపు నిండేది. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఆమె ఎన్నడూ ఇంత చక్కటి నేల మీద నడిచి ఎరగదు. నిజం చెప్పాలంటే ఆ రాయి మీద ఆమెకు ప్రేమ పుట్టింది.

ఇట్లా ఉండగా దసరాకు కాస్త ముందుగా, అరవ లెక్కన పెరటాసి నెల వచ్చింది.

మా వైపు పెరటాసి శనివారం అంటే తెలియనివాళ్ళు ఉండరు. ఆ రోజు ఏడుకొండలవాడికి ఇంట్లో తళిగ వెయ్యాలి. తెల్లారి తలకు పోసుకుని, నామం పెట్టిన చెంబు పట్టుకుని, గోవిందా అంటూ నాలుగిళ్ళు తిరిగి బియ్యం అడిగి తెచ్చి, ఆ బియ్యం కలిపి వండాలి. కడిగిన నేల మీద అరిటాకు పరిచి, దాని మీద చక్కెర పొంగలి, పులిహోర, పెరుగన్నం కుప్పలుగా పెట్టి, నడిమధ్యన బియ్యప్పిండి దీపం వెలిగించాలి. అదీ తళిగ. నాగులమ్మ పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఒక్క ఏడాది తప్పించలేదు. పోయినేడు మాత్రం పుత్తూరులో కట్టుతో పడి ఉంది. కాబట్టి ఈ ఏడు రెండింతలు ఘనంగా చెయ్యాలని ఆమె పట్టు.

“చేద్దాం అత్తా. కాకపోతే కింద ఒక ప్లాస్టిక్ పట్టా పరుస్తాను, దాని మీద పీట వేసి, పీట మీద ఆకు వేద్దాం,” అంది లోకేశ్వరి.

నాగులమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “ఏందిమే, సామికి ప్లాస్టిక్ పట్టా మీద కూడు పెట్టేదా? మన ఊర్లో తళిగ యాడ వేసేవాళ్ళం? నేల మీద గదా?”

“ఆడ నల్ల కడప బండలు అత్తా. ఇది వేరే. ఆయమ్మ ఎన్ని చెప్పింది!”

“ఆయమ్మ చెప్పింది మన తిండికి. సామి తళిగకు గాదు. నేను బతికి లేచినానంటే ఆ సామి వల్ల. ఆయనకు పెట్టేదాన్లో నువ్వు లెక్కలు చూడొద్దు లోకా.”

ఆ మాటతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోకేశ్వరి ఏం చేస్తుంది? గోపీకి ఫోన్ చేస్తే, “రాయి గదమే, ఏమైతాది? అమ్మ చెప్పినట్టు చెయ్యి” అని పెట్టేశాడు. మగవాళ్ళకేం, ఫోన్లో అన్నీ సులువే. సరే, ఒక ఆకుకు రెండాకులు పరుద్దాం, దీపం కొండెక్కగానే ఎత్తేద్దాం అని లోకేశ్వరి తనకు తాను నచ్చజెప్పుకుంది.

ఆ దీపం కొండెక్కితే గదా! తళిగ దీపాన్ని మనం ఆర్పకూడదు, దానంతట అదే కొండెక్కాలి. అప్పటిదాకా ఆకు కదపకూడదు. నాగులమ్మ ఆ ఏడు మొక్కుబడి తీరేటట్టు పెద్ద దీపం చేయించింది, దాన్నిండా నెయ్యి పోయించింది. మధ్యాహ్నం దాటింది, దీపం వెలుగుతూనే ఉంది. ముసలామె చేతులు జోడించి, “సూడుమే, సామికి ఎంత ఇష్టమో!” అని మురిసిపోతోంది. లోకేశ్వరి మాత్రం ఆకు అంచు వైపే చూస్తూ కూర్చుంది. పులిహోర కుప్ప బరువుకు రెండాకులూ ఈనె దగ్గర చీలాయి. పసుపు రంగు పులుసూ నూనె కలిసి పక్కకు జారి బండ మీదికి రావడం ఆమె కళ్ళారా చూసింది. ఆకు కదపకుండా గుడ్డ అంచుతో అందినంత అద్దింది. ఆకు కిందికి పోయిందాన్ని ఎట్లా అద్దేది? ఆమె కూడా దండం పెట్టుకుంది, దీపం తొందరగా కొండెక్కమని.

పొద్దు వాలుతుండగా దీపం కొండెక్కింది. ప్రసాదం ఎత్తి, ఆకు తీస్తే, కింద పసుపుపచ్చగా ఆకంత మచ్చ. లోకేశ్వరి యశోదమ్మ చెప్పినట్టే రుద్దకుండా, నీళ్ళతో అద్ది, షాంపూ చుక్క వేసి అద్ది, మెల్లగా తుడిచింది. మరుసటి రోజు కిటికీ తెరిచి ఎండ పడేలా చేస్తే పసుపు కూడా చాలావరకు వదిలింది. అమ్మయ్య అనుకుంది. అప్పుడు పక్కనుంచి వంగి చూసింది. చుట్టూ నేల తళతళలాడుతోంది, ఆకున్న చోట మాత్రం మెరుపు లేదు. వేలితో తడిమితే గరుగ్గా తగిలింది. మచ్చయితే ఎట్లాగో పోయేది. ఇది మచ్చ కాదు. పులుపు రాయి పైపొరను తినేసింది.

ఇంక మొదలైంది ఆమె అవస్థ. కొట్లో పనిచేసే ఆమె ఒకతె టూత్‌పేస్టు పెట్టి తుడవమంది. తుడిచింది. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని ఇంకొకరన్నారు. రాస్తే ఒక పూట మెరిసి, మరుసటి పూటకు దుమ్ము పట్టి నల్లగా తేలింది. ఆ నూనె వదిలించేసరికి తాతలు దిగొచ్చారు. చివరికి మార్బుల్ పాలిష్ పట్టే ఇమ్మానుయేల్ నంబరు సంపాదించి, ఫొటో పంపింది.

“మిషన్ పెడితే పోతాదక్కా,” అన్నాడు అతను ఫోన్లో. “కానీ ఆ ఒక్క చోటే రుద్దితే అతుకేసినట్టు తెలిసిపోతాది. హాలంతా ఆడించాల. వాకిలంతా తెల్లనీళ్ళు పారతాయి, చప్పుడు వీధంతా వినిపిస్తాది. ఓనరును అడిగినారా?”

“అడగకుండా చెయ్యలేవా అబ్బా?”

“అయ్యో, అట్లా చేసి ఒకసారి తన్నులు తప్పించుకున్నానక్కా. ఓనరు చేత ఒక మాట చెప్పించండి. అయినా దీపావళి దాకా నాకు కల్యాణమంటపం పని ఉండాది.”

ఓనరును అడగడమంటే ఓనరుకు చెప్పడమే. చెప్పేద్దామని లోకేశ్వరి ఎన్నిసార్లో ఫోన్ చేతిలోకి తీసుకుంది. తీసుకున్న ప్రతిసారీ, మళ్ళీ కుర్చీలో కూర్చుని మెట్లెక్కుతున్న అత్త కళ్ళ ముందు మెదిలేది. ఫోన్ పక్కన పెట్టేసేది. దీపావళి దాకా ఎట్లాగో నెట్టుకొస్తే చాలు, అప్పుడు కాళ్ళు పట్టుకునైనా ఒప్పించుకోవచ్చు అనుకుంది.

ఆమె ఇంత మథనపడుతుంటే నాగులమ్మకు తెలియకుండా ఉంటుందా? కోడలు అన్నం సరిగా తినడం లేదు, పొద్దస్తమానం నేల వైపే చూస్తోంది. పాడుచేసింది తన మొండిపట్టేనని ముసలామెకు అర్థమైంది. అర్థమైనాక ఊరికే కూర్చునే రకం కాదు ఆమె. లోకేశ్వరి కొట్టుకు పోయింది చూసి, వంటింట్లోంచి చింతపండు తెచ్చుకుంది. పిడికెడు ఉప్పు తెచ్చుకుంది. కొబ్బరిపీచు తెచ్చుకుంది. తుంటి విరిగిన మనిషి, వంగి నేల మీద కూర్చోవడమే గండం, ఎట్లా కూర్చుందో ఏమో! కూర్చుని, కాళ్ళు చాపుకుని, జరుగుతూ జరుగుతూ రుద్దింది. జన్మంతా నల్లబడ్డ ఇత్తడి చెంబుల్నీ, కుందుల్నీ ఆ చింతపండూ ఉప్పుతోనే బంగారంలా తోమిన చేతులవి. దేవుడి సామాను మెరిపించింది రాయిని మెరిపించదా అనుకుంది పాపం.

సాయంత్రం లోకేశ్వరి తలుపు తీసేసరికి నాగులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని రొప్పుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“సూడుమే లోకా! ఎట్లా మెరస్తా ఉండాదో! నీళ్ళు పోసి కడిగేసినా. ఇంక దిగులు పడొద్దు, కడుపునిండా తిను.”

నిజంగానే మెరుస్తోంది. తడిగా ఉంది కాబట్టి మెరుస్తోంది. పక్కన చింతపండు పిప్పి, ఉప్పు, పీచు లోకేశ్వరి కంట పడ్డాయి. హ్యాండ్‌బ్యాగు భుజానే ఉంది. అట్లాగే నిలబడి చూసింది. ఫ్యాను గాలికి తడి ఆరుతోంది. అంచుల నుంచి మెరుపు పోతూ వచ్చింది. ముందు ఆకంత ఉన్నది, తర్వాత పీటంత, తర్వాత చాపంత, ఆ తర్వాత ముసలామె జరిగిన దారంతా సున్నం కొట్టినట్టు తెల్లగా, జీవం లేకుండా తేలింది. నాగులమ్మ కూడా చూస్తూనే ఉంది. వెలిగిన మొహం మెల్లమెల్లగా పాలిపోయింది.

“ఇదేందిమే? ఇంకా కడగాల్నా?” అంది చిన్న గొంతుతో.

ఆ క్షణాన లోకేశ్వరికి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అరిచి ఇల్లు పీకి పందిరెయ్యాలనిపించింది. కానీ ఆ ముసలి చేతులు చింతపండు పులుపుకు ముడతలు పడి ఉన్నాయి. వాటిని చూశాక ఎవరి మీద అరవాలి? చంకల కింద చేతులు వేసి అత్తను లేపి, మంచం మీద కూర్చోబెట్టి, చేతులు కడిగి, తుంటికి నూనె రాసింది. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాగులమ్మను ఎక్కువ బాధపెట్టింది.

రెండు రోజులు పోయాక యశోదమ్మ ఫోన్ చేసింది. కోర్టు పనిమీద తిరుపతికి ఎవరో వస్తున్నారట, వాళ్ళ కారులో తనూ వస్తోందట. “పొద్దున పదకొండుకు అట్లా వస్తా. ఇల్లు చూసి చాలా రోజులైంది. మీ అత్తను కూడా చూసినట్టుంటాది.”

లోకేశ్వరి కొట్టుకు సెలవు పెట్టింది. తడిగా ఉంచితే మెరుస్తుంది గదా, ఆమె వచ్చేసరికి తడిపి పెడదామా అని ఒక ఆలోచన. ఎంతసేపు తడుపుతావు? ముసలామె జారితే? ఆ ఆలోచన మానుకుని, నగరి నుంచి తెచ్చిన పెద్ద ఈతచాప ఉంటే దాన్ని హాల్లో గోడ దాకా పరిచింది. పాడైన చోటు చాలావరకు దానికింద పోయింది. మిగిలిన చోట దుప్పటి మడత, దిండు, మందుల బుట్ట సర్దింది. కానీ హాలు నడుమ చాప ఎందుకని అడిగితే? యశోదమ్మ చాప ఎత్తమంటే? అందుకని అత్తను దాని మీద కూర్చోబెట్టింది. వాకర్ తీసి లోపలి గదిలో పెట్టింది.

“ఆయమ్మ పోయేదాకా లేవొద్దత్తా. ఏం అడిగినా నేను చెప్తాను.”

“సరేమే,” అంది నాగులమ్మ. చేసిన తప్పుకు శిక్షలాగా బుద్ధిగా కూర్చుంది.

గోపీ యాత్రికులతో చిత్తూరు దాటి పోయున్నాడు. ఉంటే ఏదో ఒక మాట కలిపేవాడేమో. లేడు.

యశోదమ్మ అరటిపండ్లు, రస్కులు పట్టుకుని వచ్చింది. చెప్పులు బయటే విడిచి, గుమ్మం దగ్గర నేల చూసి మురిసింది. “బాగా పెట్టుకున్నావు లోకేశ్వరీ. ఇట్లా చూసుకునేవాళ్ళు దొరకరు.” ఆ మెప్పు లోకేశ్వరికి వాత పెట్టినట్టు తగిలింది. యశోదమ్మ చాప దగ్గరికి వచ్చి వంగింది.

“ఏం నాగులక్కా, ఎట్లుండావు? లే, ఒకసారి నడిచి చూపించు. చూస్తాను.”

నాగులమ్మ కోడలి వైపు చూసింది.

“యాడమ్మా!” అంది లోకేశ్వరి, నోటికి వచ్చింది వచ్చినట్టు. “వారంగా లేవలేక పోతా ఉండాది. తుంటి మళ్ళీ పట్టేసింది. చాప మీదే అన్నీ.”

“అన్నీనా?”

“అన్నీనమ్మా.”

యశోదమ్మ పండ్లు నాగులమ్మ ఒళ్ళో పెట్టి, తల నిమిరి, లోకేశ్వరిని వంటింట్లోకి రమ్మని సైగ చేసింది. లోపలికి వచ్చాక గొంతు తగ్గించింది.

“నేను చెడ్డదాన్ని గాదమ్మా. ఇది నీకు చెప్పాల్సి వస్తాదని అనుకోలేదు. మా ఆయన ఈ హాల్లోనే పోయినాడు. గృహప్రవేశం జరిగి ఏడాది కూడా కాలేదు. నెల పొడుగునా మంచాన ఉండి పోయినాడు. నక్షత్రం మంచిది గాదు, ఆరునెలలు ఇల్లు మూసెయ్యమన్నారు. ఆయన అంత ఇష్టంగా ఏరి తెచ్చిన బండల్ని లోపల చీకట్లో పెట్టి, నా చేత్తో తాళం వేసి చిత్తూరుకు పోయినాను. ఆ తర్వాత ఈ ఇంట్లో నేను ఒక్క రాత్రి పడుకోలేదు.”

“అమ్మా…”

“మంచాన పడిన మనిషిని నేను ఇంకోసారి ఈ ఇంట్లో చూడలేను. ఈ ఇంటికి ఇంకోసారి తాళం వెయ్యలేను. నా వల్ల గాదు. నెలాఖరుకు వేరే ఇల్లు చూసుకోండి. తిట్టుకోవద్దు నన్ను.”

లోకేశ్వరి స్టవ్ గట్టు పట్టుకుని నిలబడింది. ఇల్లు నిలుపుకోవడానికి ఆడిన అబద్ధమే ఇంటిని పోగొడుతోంది. అత్త నడుస్తుందమ్మా అని ఇప్పుడు చెప్తే, మరి లేవలేదని ఎందుకన్నావు అంటుంది. చెప్పకపోతే నెలాఖరుకు సామాను సర్దుకోవాలి. ఏం చెయ్యాలి? ఏ దారీ లేక కళ్ళు మూసుకుంది.

హాల్లో దిండు దొర్లిన చప్పుడైంది.

వంటింటికీ హాలుకూ నడుమ తలుపు లేదు. యశోదమ్మ గొంతు తగ్గించే మాట్లాడింది. కానీ జన్మంతా బళ్ళో పిల్లల మీద అరిచిన గొంతు ఎంతకని తగ్గుతుంది? నాగులమ్మ అంతా వింది. ఇద్దరూ హాల్లోకి వచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని సగం లేచి ఉంది. అరటిపండ్లు ఒళ్ళోంచి జారి చాప మీద పడ్డాయి.

“అత్తా, ఉండు, వాకర్ తెస్తాను!”

“వద్దు.”

నాగులమ్మ నిటారుగా నిలబడింది. గోడ వదిలేసింది. తుంటి విరిగిన తర్వాత ఆమె ఏదీ పట్టుకోకుండా నిలబడటం లోకేశ్వరి చూడటం అదే మొదటిసారి. ఒక అడుగు వేసింది. ఒరిగింది, నిలదొక్కుకుంది. ఇంకో అడుగు వేసింది.

“సూడు టీచరమ్మా, నేను మంచాన పడలా,” అంది. రొప్పుతోంది, అయినా మాట ఆపలేదు. “చచ్చేదాన్ని గాదు నేను. నడస్తాను. బాత్రూముకు నేనే పోతాను. రోజూ వాకిట్లోకి వస్తాను, వీధిలో అడుగు, చెప్తారు. మా కోడలు నా కోసరం అబద్ధం చెప్పింది. మీ ఇంటికి తాళం వేసే పని నేను పెట్టను తల్లీ. సూడు, నడస్తా ఉండానా లేదా?”

చాప దాటి, ఉత్త నేల మీదికి వచ్చి, ఒక్కో పాదం అతికించినట్టు వేస్తూ వాకిలి వైపు సాగింది. చాప దిగేటప్పుడు ఆమె ఈడ్చిన కుడికాలితో పాటు చాప అంచు లేచి మడతపడింది. దుప్పటి పక్కకు పోయింది. లోకేశ్వరికి అత్తను పట్టుకోవాలా, చాప సరిచెయ్యాలా తెలియలేదు. రెండింటికీ నడుమ చేతులు చాపుకుని నిలబడిపోయింది.

నాగులమ్మ వాకిలి అందుకుంది. ద్వారబంధం గట్టిగా పట్టుకుని, ఇటు తిరిగి, గెలిచిన మనిషిలా నవ్వింది.

యశోదమ్మ ఆమెను చూడటం లేదు. చాప మడతపడిన చోట వంగి ఉంది. దుమ్మేమో అనుకుని పైటచెంగుతో తుడిచింది. పోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఇంకోసారి తుడిచింది. చాపను చేత్తో ఎత్తి పక్కకు తోసింది. కింద ఉన్నదంతా కనిపించింది. అరచేయి దాని మీద ఆనించి అట్లాగే ఉండిపోయింది.

“అది నేనే చేసినా తల్లీ,” అంది నాగులమ్మ వాకిట్లోంచి. “తళిగ వేసిన నాడు పులుపు పట్టింది. మెరస్తాదని చింతపండు పెట్టి రుద్దినా. మా కోడలి తప్పు రవ్వంత లేదు.”

“పాలిష్ పట్టిస్తామమ్మా,” అంది లోకేశ్వరి. “మనిషిని మాట్లాడినాను. హాలంతా పట్టిస్తాము. మీరు సరే అంటే చాలు.”

యశోదమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తిడితే కాళ్ళ మీద పడటానికి ఒక సందు దొరుకుతుంది. ఆమె లేచింది, కళ్ళు తుడుచుకుంది.

“ఆయన ఏరి తెచ్చిన మెరుపు మిషను తెస్తాదా లోకేశ్వరీ?” అంది. “నెలాఖరుకు చూసుకోండమ్మా” అని, వాకిట్లో ముసలామె పక్కనుంచి తప్పుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. వీధి చివర కారు కదిలిన చప్పుడు వినిపించింది.

నాగులమ్మ ద్వారబంధం పట్టుకునే ఉంది. కాళ్ళు గజగజ వణుకుతున్నాయి. లోకేశ్వరి పరుగున పోయి నడుం పట్టుకుంది.

“సూసింది గదా ఆయమ్మ, నేను నడిసింది?” అంది నాగులమ్మ.

“చూసిందత్తా.”

“ఏదీ పట్టుకోకుండా నడిసినా. బాగనే నడిసినా గదా?”

“బాగా నడిచినావు.”

“మరి ఎందుకు పొమ్మనింది?”

లోకేశ్వరికి ఏడుపు ఆగలేదు. అత్తను రెండు చేతులా పట్టుకుని, వీధిలో జనం చూస్తున్నారని కూడా లేకుండా, వాకిట్లోనే నిలబడి ఏడ్చింది. నాగులమ్మ ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, ఇంకో చేత్తో కోడలి వీపు నిమిరింది.

“ఏడవొద్దుమే. ఆయమ్మను రేపు ఇంకోసారి రమ్మను,” అంది. “రేపు ఇంకా బాగా నడస్తాను.”